లూయీ హెన్రీ మోర్గను : తెలుగువారి వావివరుసలు

బంధువాచకములను సేకరించినవారు పెక్కుమంది కలరు. ఆ వాచకముల నడుమ దాగియున్న లెక్కను వెదకుటయే వ్రతముగా బ్రదికినవారు మాత్రము అరుదు. అట్టివారిలో మొదటివాడు లూయీ హెన్రీ మోర్గను. ఆతడు అమెరికా దేశీయుడు, వృత్తిచే న్యాయవాది. భారతదేశమున అడుగిడినవాడు కాడు. తెలుగు చదివినవాడును కాడు. అయినను మామ, అత్త, బావ, వదిన యను మన యింటిమాటలు మానవశాస్త్ర గ్రంథముల కెక్కుటకు ఆతడే కారణము. చార్లెసు ఫిలిప్పు బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. అందు ఈ మాటలన్నియు అకారాది క్రమమున ఒకదానికొకటి దూరముగా పడియున్నవి. పందొమ్మిది సంవత్సరముల పిమ్మట, 1871లో, వెలువడిన మోర్గను బృహద్గ్రంథమున అవియే మాటలు ఎవరికెవరు ఏమగుదురను క్రమమున బారులు తీరి నిలిచినవి. అట్లు నిలిపినవాని జీవితము తెలుగువారికి తెలియదగినది. ఆతని చేతికంది జారిపోయిన విషయమొకటి తెలుగు ఇండ్లలో నేటికిని నిత్యవ్యవహారమై యున్నది గాన, ఈ జీవితకథను మన వైపునుండి చెప్పుటలో ఔచిత్యము కలదు.

మోర్గను 1818 నవంబరు 21వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున అరోరా గ్రామ సమీపమున జన్మించెను. తండ్రి జెడెడయ్యా మోర్గను సంపన్న కర్షకుడు. ఆతడు 1826లో మరణించునప్పటికి బాలుడు ఎనిమిదేండ్లవాడు. స్థానిక పాఠశాలలో గ్రీకు లాటిను భాషల చదువు ముగించి, 1840లో యూనియను కళాశాలనుండి పట్టము పొంది, న్యాయశాస్త్రము నభ్యసించి, 1844లో రోచెస్టరు నగరమున న్యాయవాదిగా స్థిరపడెను. యౌవనమున మిత్రులతో గూడి యొక సంఘమును నెలకొల్పెను. మొదట గ్రీకు పురాణగాథలపై మోజుతో సాగిన ఆ సంఘము, క్రమముగ ఆ ప్రాంతపు పూర్వనివాసులైన ఇరోక్వా జాతుల ఆచారములను అనుకరించుటకు పూనుకొన్నది. ఇది తొలుత యువకుల వినోదమే. 1844లో ఆల్బనీ నగరపు పుస్తకాల దుకాణములో సెనెకా జాతి యువకుడు ఈలీ పార్కరుతో కలిగిన పరిచయము ఆ వినోదమును విద్యగా మార్చినది. పార్కరు సామాన్యుడు కాడు. అమెరికా అంతర్యుద్ధమున గ్రాంటు సేనానికి కార్యదర్శియై 1865 నాటి లొంగుబాటు పత్రమును స్వహస్తముతో వ్రాసినవాడు, అనంతరము ఇండియను వ్యవహారముల అధికారియైనవాడు ఇతడే.

ఆ దినములలో భూముల వ్యాపారము చేయు సంస్థ యొకటి సెనెకావారి భూములను కాజేయ యత్నించుచుండెను. మోర్గను వారి పక్షమున విజ్ఞాపన పత్రములు సేకరించి 1846లో రాజధానియగు వాషింగ్టనుకు వెళ్లెను. సెనెకావారు కృతజ్ఞతతో ఆతనిని తమ డేగ వంశములోనికి దత్తుగా స్వీకరించి, ఇరుతెగల నడుమ వారధి యను నర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ సమాజమున వంశములో చేరనివానిని పిలుచుటకు మాట లేదు. చేరిన మరుక్షణమే ఆతడొకనికి కొడుకు, ఒకనికి తమ్ముడు, ఒకనికి మేనల్లుడు అగును. మన పల్లెలలో కొత్తగా కాపురమునకు వచ్చినవానికి ఊరివారు మొదట ఏదో యొక వరుస కలిపి, పిమ్మట మాటలు కలుపుట ఎరిగినవారికి ఇందు వింత లేదు. మోర్గనునకు మాత్రము మహాద్భుతమనిపించినది. 1851లో ప్రకటించి పార్కరునకు అంకితమిచ్చిన ఇరోక్వా సమాఖ్య గ్రంథమున ఆతడీ వరుసలను ప్రస్తావించెను గాని, అది ఆ జాతివారు తమకై కల్పించుకొన్న విలక్షణ పద్ధతి యనియే భావించెను.

ఆ సంవత్సరమే ఆతనికి వివాహమైనది. వధువు మేరీ ఎలిజబెత్తు స్టీలు. మోర్గను తల్లి పుట్టినింటివారును స్టీలు వంశీయులే. వధువు ఆతనికి ఆ వైపు బంధువు. తెలుగు దేశమున దీనిని మేనరికపు సంబంధమని యొక్క మాటతో చెప్పుదురు. ఆంగ్లభాషలో అట్టి మాట లేదు. తండ్రి తోబుట్టువుల పిల్లలు, తల్లి తోబుట్టువుల పిల్లలు, అన్న తమ్ముల సంతానము, అన్నాచెల్లెండ్ర సంతానము, అందరికిని వారికి ఒకే పేరు. కావున మేనరికము చేసికొనియు, తాను చేసికొన్నది మేనరికమని చెప్పగల మాట లేక, ఆ మాట గల జాతుల రహస్యమును ముప్పది సంవత్సరములు వెదకినవాడు మోర్గను.

వివాహానంతరము కొన్నియేండ్లు న్యాయవాద వృత్తి, గనుల వ్యవహారము, ఇనుప ఖనిజము రవాణాచేయు రైలుమార్గము ఆతని కాలమును హరించినవి. ఆ వ్యాపారము మీదనే 1858 వేసవిలో సుపీరియరు సరస్సు తీరమునగల మార్కెటు పట్టణమునకు పోయినప్పుడు, అచటి ఒజిబ్వా జాతివారిని వరుసలడిగెను. వారి భాషకును సెనెకా భాషకును చుట్టరికము లేదు. పదములు వేరు, పద్ధతి మాత్రమొక్కటి. తండ్రి సోదరుడును తండ్రియే, తల్లి సోదరియును తల్లియే, వారి బిడ్డలు అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు. తల్లి సోదరుడు, తండ్రి సోదరి, వీరు వేరు. భాష మారినను మారని యీ లెక్క ఎంత ప్రాచీనమైనదో, ఎంత దూరము వ్యాపించినదో కనుగొనవలెనను పట్టుదల ఆనాడు పుట్టినది.

మోర్గను అవలంబించిన పద్ధతి చూడదగినది. ఆతడు రెండువందలకు పైబడిన ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి నచ్చొత్తించెను. తండ్రి సోదరుని కుమారుని నేమందురు, పిలుచువాడు పురుషుడైన నేమి, స్త్రీయైన నేమి, తల్లి సోదరుని కుమార్తె కుమారు నేమందురు, ఇట్లు ఒక్కొక్క మెట్టుగా సాగును. స్మిత్సోనియను సంస్థ కార్యదర్శి జోసెఫు హెన్రీ దీనిని ఆదరించెను. విదేశాంగ మంత్రి లూయీ కాసు అమెరికా రాయబార కార్యాలయముల ద్వారా పంపుటకు అనుమతించెను. ఇట్లు మతప్రచారకులకు, రాయబారులకు ఆ పత్రములు భూమండలమంతట చేరినవి. తానుగా 1859 మొదలు 1862 వరకు నాలుగు వేసవులు కాన్సాసు, నెబ్రాస్కా, ఎఱ్ఱనది, మిస్సోరీనది ప్రాంతములలో తిరిగి వరుసలు వ్రాసికొనెను.

1859 ఆగస్టులో దక్షిణ భారతదేశమునుండి స్వదేశమునకు వచ్చియున్న స్కడరు అను మతప్రచారక వైద్యుడు ఆతనికి తారసపడెను. ఉత్తర ఆర్కాటు మండలమున అమెరికా మిషను స్థాపించిన కుటుంబము స్కడరులది. మోర్గను ఆయన నోట తమిళ, తెలుగు వరుసల ప్రధాన లక్షణములు విని వ్రాసికొని, సెనెకా పట్టిక ప్రక్కన పెట్టి చూచెను. రెండును చాలమేరకు సరిపోయినవి. ఆతని సంతోషమునకు మేర లేకపోయెను. ఉభయ ఖండములలోని యీ జనులు ఒక మూలమునుండి వచ్చినవారని, అమెరికా ఆదిమ నివాసులు ఆసియానుండి వలసపోయినవారని తనకు సాక్ష్యము దొరకినట్లు భావించెను. వలస సంగతి పిమ్మటి పరిశోధనలచే వేరు ప్రమాణములతో నిలబడినది గాని, వరుసల సామ్యము దానికి సాక్ష్యము కాజాలదని నేడు పండితుల నిర్ణయము.

సంస్కృతమును మోర్గను వేరొక వర్గమున చేర్చెను. అది న్యాయమే. అమరకోశపు మనుష్యవర్గము చూచినవారికి ఈ భేదము స్పష్టము. అందు మాతులుడు వేరు, శ్వశురుడు వేరు. పితృష్వస వేరు, శ్వశ్రువు వేరు. భాగినేయుడు జామాత కాడు, స్నుష సోదరుని కుమార్తె కాదు. భార్య సోదరుడు శ్యాలుడు, భర్త సోదరుడు దేవరుడు, భర్త సోదరి ననాంద, భర్త సోదరుల భార్యలు పరస్పరము యాతలు. పెండ్లివలన వచ్చిన ప్రతి బంధువునకు జన్మవలన వచ్చిన బంధువుల పేర్లతో కలియని ప్రత్యేక శబ్దము కలదు. తెలుగున మాతులుడును మామయే, శ్వశురుడును మామయే. తండ్రి చెల్లెలును అత్తయే, పిల్లనిచ్చిన తల్లియు అత్తయే. చెల్లెలి కొడుకు మేనల్లుడు, కూతురి మగడు అల్లుడు. వేరు చూపవలసి వచ్చినప్పుడు మేన శబ్దమును ముందు చేర్చుదుము, అంతియే. సంస్కృతముననుండి వేనవేల శబ్దములు గ్రహించిన తెలుగు, ఈ ఒక్క పట్టున మాత్రము సంస్కృతమును తన గడప దాటనీయలేదు. శ్వశుర శబ్దము శుభలేఖలోనికి వచ్చినది గాని పిలుపులోనికి రాలేదు.

ఈ ఐక్యము యొక్క ఫలము పెండ్లిండ్లలో కనబడును. పూర్వము పశ్చిమ గోదావరి జిల్లాలో నుండి 2022నుండి ఏలూరు జిల్లాలో చేరిన కామవరపుకోట మెట్టసీమనే ఉదాహరణముగ గైకొందము. ఆ సీమనుండి కొల్లేటి లంకలకో తాడేపల్లిగూడెము వైపునకో పిల్లనిచ్చినప్పుడు, అంతకుముందు ఏ చుట్టరికమును లేని రెండు కుటుంబములు ఒక పందిరి క్రిందికి వచ్చును. నిన్నటివరకు పరస్పరము ఎరుగని నలువదిమంది, తెల్లవారునప్పటికి ఒకరినొకరు వరుస పెట్టి పిలువవలెను. పెండ్లికుమారుని తండ్రియు పెండ్లికుమార్తె తండ్రియు వియ్యంకులు. కాని వియ్యంకుడా యని ఎదురుగ ఎవరును పిలువరు, బావగారూ యనుకొందురు. వియ్యపురాండ్రు వదినగారూ యనుకొందురు. పెండ్లికుమారుని తల్లిని పెండ్లికుమార్తె తండ్రి చెల్లెమ్మగారూ, వయస్సు నెక్కువయైన అక్కయ్యగారూ యనును. ఆమె ఆయనను అన్నయ్యగారూ యనును.

ఇది కేవలము మర్యాద యని తోచవచ్చును. కాదు, ఇది గణితము. కూతురి భర్త అల్లుడు. అల్లుడనగా సోదరి కుమారునితో సమానుడు. అల్లుని తల్లి కావున సోదరి కావలెను. సోదరి భర్త బావ కావలెను. అట్లే పిల్లనిచ్చిన మామగారి చెల్లెలిని అల్లుడు పిన్నిగారూ యని పిలుచును. మామ తల్లి సోదరునితో సమానుడైనచో, మామ చెల్లెలు తల్లి చెల్లెలితో సమానురాలు గదా. అత్తగారి తమ్ముడు బాబయ్యగారు, ఏలన అత్త తండ్రి సోదరితో సమానురాలు. భార్య అక్క వదిన, ఆమె భర్త తోడల్లుడు, పిలుపునకు అన్నయ్య. తోడల్లుని చెల్లెలు తనకును చెల్లెలు. బావమరది భార్య చెల్లెలు. స్త్రీ పక్షమున తోడికోడలు అక్కయో చెల్లెలో యగును, ఆడపడుచు భర్త అన్నయ్య యగును. ఎంత దూరపు బంధువైనను ఒక్కొక్క మెట్టు దిగి లెక్కించినచో, చివరకు ఆతడు అన్నదమ్ముల వరుసలోనో బావమరదుల వరుసలోనో పడక తప్పదు. మూడవ గది లేదు. పెండ్లిపందిట వరుసలు తేల్చు పెద్దముత్తైదువ చేయు పనియు, మోర్గను ప్రశ్నావళి చేయు పనియు నొక్కటే. ఆమెకు కాగితము అక్కరలేదు.

లెక్క తప్పు తావొకటి కలదు. అక్క కూతురిని పెండ్లాడు ఆచారము తెలుగు నాట పెక్కు కులములలో కలదు. అప్పుడు అక్క అత్తగారగును, బావ మామగారగును, మేనల్లుడు బావమరది యగును. తరము ఒక మెట్టు జారిపోవును. అట్టి ఇండ్లలో సాధారణముగ పుట్టుకతో వచ్చిన పిలుపే నిలుచును. అక్కను అత్తగారూ యని పిలువ మనసొప్పునా?

ఇప్పుడు మోర్గను పట్టికకు రావలెను. సెనెకా తమిళ వరుసలను పోల్చుచు ఆతడొక భేదమును స్పష్టముగ గుర్తించెను. అది మేనత్త మేనమామల సంతానము యొక్క బిడ్డలను గూర్చినది. తమిళమున ఎట్లో తెలుగునను అట్లే. పురుషునకు, మేనమామ కొడుకైన బావ యొక్క కొడుకు మేనల్లుడు, మేనమామ కూతురైన మరదలి కొడుకు కొడుకు. సెనెకావారిలో ఇది తలక్రిందులు. అచట బావ కొడుకు కొడుకు, మరదలి కొడుకు మేనల్లుడు. వందలకొలది సరిపోలికల నడుమ ఈ ఒక్కటి సరిపోలేదు. మోర్గను దానిని దాచలేదు, నిజాయితీతో వ్రాసెను. కాని దాని మూలమును పట్టుకొనలేక దాటిపోయెను.

కామవరపుకోట పిల్లవానిని ఈ ప్రశ్న యడిగినచో తడుముకొనడు. మరదలు పెండ్లాడదగినది. ఆమెను తాను చేసికొన్నను, వేరొకడు చేసికొన్నను, ఆ వేరొకడు తనకు అన్నదమ్ముల వరుసవాడే. కావున ఆమె బిడ్డ తన బిడ్డయే. బావ తన చెల్లెలిని చేసికొనదగినవాడు. కావున ఆతని బిడ్డ తన మేనల్లుడే. తెలుగు వరుసలు మేనరిక నియమముపై కట్టినవి. సెనెకావారిలో అట్టి నియమము లేదు. వారికి పెండ్లివలన వచ్చిన బంధువులకు వేరు పేర్లు కలవు. ఆ రెండు పద్ధతులు పైకి కవలపిల్లలవలె నున్నను మూలము వేరు. దీనికి కావలసిన సాక్ష్యమంతయు మోర్గను పట్టికలోనే, తమిళ తెలుగు కన్నడ పంక్తులలోనే యున్నది. అయితే ఆతడు రక్తసంబంధులను ముందు నిలిపి, వివాహసంబంధులను గూర్చిన ప్రశ్నలను ప్రశ్నావళి కడపట చేర్చెను. అత్తగారిని గూర్చిన ప్రశ్న మేనత్తను గూర్చిన ప్రశ్నకు చాల దూరమున పడినది. రెంటికి ఉత్తరము ఒకే మాట యైనను, ఆ రెండింటిని ఒకచోట చేర్చి చూచు అవకాశము ఆ క్రమమే తగ్గించినది. తన ఇంటనే ఉన్న మేనరికమునకు తన భాషలో పేరు లేకపోవుటయు ఇందులకు తోడై యుండవచ్చును.

మన శాస్త్రకారులకు మాత్రము ఈ విషయము క్రొత్త కాదు. దక్షిణాపథమున మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడుట కలదని బోధాయన ధర్మసూత్రము పేర్కొని, దానిని ఆ దేశమునకే పరిమితమైన వివాదాస్పదాచారముగ పరిగణించినది. కుమారిలభట్టు తంత్రవార్తికమున దీనిని నిరసించి, అర్జునునకు సుభద్ర మేనమామ కూతురగు చిక్కును విడదీయుటకు శ్రమపడెను. పదునాలుగవ శతాబ్దిలో మాధవాచార్యులు పరాశర స్మృతి వ్యాఖ్యలో మాతులసుతా వివాహమును సమర్థించిరి. గోదావరి మండలమున బ్రాహ్మణులలో హెచ్చుమంది ఆపస్తంబ సూత్రులు. ఆపస్తంబుడు తల్లివైపు యోనిసంబంధులకు కన్య నీయరాదనెను. ఆ సూత్రము వల్లించువారి యిండ్లలోనే మేనరికములు జరుగుచు వచ్చినవి. వ్యాసభారతమున లేని శశిరేఖను తెలుగువారు కల్పించుకొని, బలరాముని కూతురిగా చేసి, మేనత్త కొడుకగు అభిమన్యునకు కట్టబెట్టి సంతోషించినారు. ధర్మశాస్త్రము ఒకవైపు, వరుస ఒకవైపు లాగినప్పుడు తెలుగు నేలపై వరుసయే గెలిచినది. ఈ వాదములు మోర్గను చూచినచో ఆతని గ్రంథము వేరొక దారి పట్టియుండెడిది.

1862లో ఆతడు మిస్సోరీనది ఎగువకు నావలో పోయియుండగా రోచెస్టరులో ఇద్దరు కుమార్తెలు, ఆరేండ్ల మేరీ, రెండేండ్ల హెలెను, ఎఱ్ఱజ్వరముతో కొద్దివారముల వ్యవధిలో మరణించిరి. తిరుగు ప్రయాణమున సూసిటీ చేరిన పిమ్మట ఆ వార్త ఆతనికి తెలిసెను. దినచర్య గ్రంథమున కొద్దిమాటలు వ్రాసి, క్షేత్రయాత్రలకు స్వస్తి చెప్పెను. మిగిలినది లెమ్యూలు అను కుమారుడొక్కడే, అతడును ఆరోగ్యవంతుడు కాడు. తండ్రి, కూతురు, చెల్లెలు అను మాటలను ప్రపంచమంతట ఏరుచు తిరిగినవాని ఇంట కూతురని పిలుచుటకు ఎవరును మిగులలేదు. ఆ గ్రంథము ఆ బిడ్డల మూల్యముతో కొన్నదని ఆతడు తలంచెను. తలంచియు దానిని విడువలేదు.

1865లో సిద్ధమైన వ్రాతప్రతిని జోసెఫు హెన్రీ పండితులకు చూపించి, ఇన్ని పట్టికలనుండి తేలిన సిద్ధాంతమేమో స్పష్టపరుపుమని త్రిప్పిపంపెను. అప్పుడు మోర్గను మిత్రుడగు మెకిల్వేను అను మతాచార్యుని సూచనతో ఒక ఊహను కల్పించెను. పలువురు పురుషులను తండ్రులని పిలుచుటకు కారణము, పూర్వకాలమున పలువురు సోదరులు పలువురు భార్యలను ఉమ్మడిగా కలిగియుండుటయే, ఆ ఆచారము నశించినను మాటలు నిలిచియున్నవి యని ఆతని వాదము. ఇది ఆతని గ్రంథమున బలహీనమైన భాగము. పెదనాన్నను నాన్న యనుటవలన తల్లి శీలమును శంకించు తెలుగువాడెవడు? ఆ పిలుపు తరమును పక్షమును తెలుపునే గాని జననమును తెలుపదు. అయినను మాటలు ఆచారముకంటె దీర్ఘాయువులను ఆతని మూలసూత్రము త్రోసివేయదగినది కాదు. మానవకుటుంబపు రక్తసంబంధ వివాహసంబంధ పద్ధతులను గూర్చిన ఆ మహాగ్రంథము స్మిత్సోనియను సంస్థ ప్రచురణగా 1871లో వెలువడినది.

తరువాతి జీవితమును వేగముగ చెప్పవచ్చును. రాష్ట్ర శాసనసభలలో సభ్యుడయ్యెను. రైలుమార్గపు పనిలో కొండవాగులయొద్ద చూచిన బీవరు జంతువుల కట్టడములపై 1868లో ఒక గ్రంథము వ్రాసెను. 1870-71లో ఐరోపా పర్యటించి డార్విను మున్నగువారిని కలిసికొనెను. 1877లో ప్రాచీన సమాజము అను గ్రంథమును ప్రకటించెను. దానిని కార్లు మార్క్సు చదివి టిప్పణులు వ్రాసికొనుట, ఆ టిప్పణుల ఆధారముతో ఎంగెల్సు 1884లో కుటుంబపు పుట్టుకను గూర్చి గ్రంథము రచించుట సుప్రసిద్ధము. తెలుగు పాఠకులలో హెచ్చుమందికి మోర్గను పేరు తెలిసినది ఆ మార్గముననే. ఆ మార్గమున వచ్చిన మోర్గను సమాజ పరిణామవాది. వరుసలెక్క కట్టిన మోర్గను వెనుకబడినాడు, ఇది విచారింపదగిన విషయము.

స్కాటుదేశీయుడగు మెక్లెన్నను 1876లో మోర్గనును తీవ్రముగ ఖండించెను. ఈ మాటలు చుట్టరికమును చెప్పునవి కావనియు, కేవలము పరస్పర సంబోధన మర్యాదలనియు ఆతని ఆక్షేపణ. ఏ రక్తసంబంధమును లేని వియ్యంకులు బావగారూ యని పిలుచుకొనుట చూచినచో మెక్లెన్నను తాను గెలిచితిననియే అనుకొనియుండును. గెలుపు సగమే. మర్యాదయే యైనచో వియ్యంకులు అన్నగారూ యని పిలుచుకొనవచ్చును గదా. అట్లెవరును పిలువరు. పిలిచినచో పెండ్లికుమారుడును పెండ్లికుమార్తెయు అన్నాచెల్లెండ్రగుదురు. సభలోనివారు నవ్వుదురు, పెద్దలు కోపింతురు.

ఆ లెక్కను తేల్చినవారు తరువాత వచ్చిరి. నీలగిరులలో తోడవాండ్రను పరిశీలించిన రివర్సు 1907లోను 1914లోను మేనరికమునకును వరుసలకును గల సంబంధమును నిరూపించెను. 1953లో లూయీ డ్యూమాను ద్రావిడ వరుసలలో వివాహబంధుత్వమే ప్రధానమని, మామ యనువాడు మొదట తల్లి సోదరుడు కాడు, తండ్రికి బావమరది యని ప్రతిపాదించెను. 1964లో లౌన్సుబరీ ఇరోక్వా పద్ధతియు ద్రావిడ పద్ధతియు వేరని, మోర్గను గుర్తించి విడిచిన ఆ భేదమునుండియే స్థాపించెను. 1981లో ట్రాటుమను ద్రావిడ వరుసలపై సమగ్ర గ్రంథము ప్రకటించి, 1987లో మోర్గను గ్రంథనిర్మాణ చరిత్రను వ్రాసెను.

మోర్గను 1881 డిసెంబరు 17వ తేదీన రోచెస్టరులో మరణించెను. భార్యా పుత్రుల అనంతరము తన ఆస్తి స్త్రీ విద్యకై రోచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందునట్లు వీలునామా వ్రాసియుండెను. బిడ్డలను కోల్పోయిన తండ్రి చేసిన ఏర్పాటది.

భారతదేశమున 1955 నాటి హిందూ వివాహ చట్టము అన్నాచెల్లెండ్ర సంతానమునకు వివాహమును నిషిద్ధ సంబంధములలో చేర్చి, ఆచారము అనుమతించినచోట మినహాయింపు నిచ్చినది. చట్టము ఊరకున్నను, వైద్యుల హెచ్చరికలవలనను, చదువులవలనను, పిల్లల ఇష్టమువలనను మేనరికములు తెలుగు నాట తగ్గుచున్నవి. మేనత్తను ఆంటీ యనియు మేనమామను అంకులనియు పిలుచు పిల్లలు ఏలూరులోను కలరు, జంగారెడ్డిగూడెములోను కలరు. ఆ రెండు మాటలలో పెదనాన్నయు మేనమామయు కలిసిపోయిరి. మేనరికమెరుగని ఇండ్లలోను, కులము కలియని పెండ్లిండ్లలోను, తాళి కట్టిన మరుక్షణమున పెండ్లికుమార్తె తండ్రి పెండ్లికుమారుని తండ్రిని బావగారూ యనియే పిలుచుచున్నాడు, ఆతని భార్యను చెల్లెమ్మా యనియే పిలుచుచున్నాడు. ఆచారము జారిపోవుచుండగా మాట నిలిచియుండుట మోర్గను సెనెకావారిలో చూచితిననుకొన్నాడు. అది జరుగుచున్నది కామవరపుకోటలో.